డైనమా పట్టీ, మా బావ పనితనం

మా బావకి మెకానిక్ దగ్గరికి పోవడమంటే బో నామోషీ. కావలిలో వాళ్ళింటి ముందు ఆ పాత డీజిల్ కారు పొద్దున్నే స్టార్ట్ చేస్తే చాలు, బెల్ట్ కీచుమని అరిచేది, వీధిలో కుక్కలన్నీ బదులు పలికేవి, పైగా డాష్‌బోర్డు మీద బ్యాటరీ ఎర్రలైటు ఆరేది కాదు. బానెట్ ఎత్తి చూస్తే డైనమాని, అదే బెల్ట్‌తో తిరిగి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ని, పైనుంచి బిగించే పట్టీ విరిగిపోయి ఉంది. కింద బోల్ట్ మీద డైనమా ఊగులాడతా ఉంది, బెల్ట్ లూజు, ఛార్జింగ్ నిల్లు.

"ఈ మాత్రం ఇనప ముక్కకి నెల్లూరు ఆటోనగర్ దాకా ఎందుకురా" అని స్పానర్ల డబ్బా తెచ్చుకున్నాడు. ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్ బావా అన్నా. "బండి ఆపేసినాంగా, ఇంక కరెంటు యాడుంటది?" యాడుంటదంటే, డైనమా వెనక లావు వైరు నేరుగా బ్యాటరీ నుంచే వస్తది, తాళం తీసినా దాన్లో కరెంటు ఉంటానే ఉంటది. స్పానర్ ఒక కొస ఆ నట్టుకి, ఇంకో కొస ఇంజన్‌కి తగిలి ఫట్‌మని మెరుపు! 12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవులే గానీ, స్పానర్ మూతి కరిగి గుంట పడింది. వరండాలోంచి అక్క "ఏమయ్యా, దీపావళికి ఇంకా టైముందే" అనింది.

సరే, మైనస్ తీసి, పట్టీ ఊడదీసి, గేట్లు అతికే వెల్డింగాయన దగ్గరికి పోయినాం. ఆ పట్టీలో పొడుగ్గా ఒక గాడి ఉంటది, బోల్ట్ దాన్లో జరిగితేనే బెల్ట్ బిగించేదానికి అయ్యేది. ఆ మహానుభావుడు విరిగిన చోటుతో పాటు గాడిని కూడా రాడ్ల మీద రాడ్లు కాల్చి పూడ్చేసి, గ్రైండర్‌తో నున్నగా రుద్ది, "ఇంక లారీ కట్టి లాగినా విరగదు సార్" అన్నాడు. నిజమే, బోల్టే దూరలా. మళ్ళీ డ్రిల్లు పెట్టి ఒక్క బెజ్జం వేసిచ్చాడు, బిగిస్తే బెల్ట్ ఎప్పట్లాగే లూజు.

అప్పుడు మా బావ పెరట్లోకి పోయి సర్వి కర్ర ముక్క చెక్కుకొచ్చి ఇంజన్‌కీ డైనమాకీ మధ్య సుత్తితో దిగ్గొట్టాడు. అరుపు ఆగింది, లైటు ఆరింది, ఇంక మా బావ మొహం చూడాలి! ఆ ఊపులో నెల్లూరుకి బయల్దేరినాం, కోవూరు వచ్చేసరికి కారంతా కట్టెల పొయ్యి వాసన.

ఎట్టో ఆటోనగర్‌కి చేరినాం. అక్కడి భాయ్ బెల్ట్‌ని బొటనవేలితో నొక్కి చూశాడు, కాస్త లోపలికి పోవాల్సింది వీణ తీగలాగా బిర్రుగా ఉంది. "ఇట్టా బిగిస్తే బేరింగులు పోతాయన్నా" అంటా లోపలికి తొంగి చూసి, "ఇంజన్లో సర్వితోట ఎప్పుడేశారు?" అన్నాడు. కొత్త పట్టీ వేసి, స్టార్ట్ చేసి మీటరు పెడితే 14 వోల్టులు చూపించింది, అంతే పని.

మా బావ ఆ మాడిన సర్వి ముక్కని తుడిచి డిక్కీలో పెట్టుకున్నాడు. ఎందుకు బావా అంటే, స్టెప్నీ అంట.