మా పాప బరువు క్లాసంతా వినాల్నా?

పొద్దున్నే లేచి చేసిన చిత్రాన్నం సాయంత్రం క్యారియర్లో అట్లే తిరిగొచ్చింది. ఉడకేసిన గుడ్డు కూడా ముట్టలేదు. "ఏం పాపా, బాగలేదా?" అంటే "ఆకలి కాలేదు మా" అని తలొంచుకుంది. రాత్రి తొమ్మిదికి గానీ నోరు విప్పలేదు.

ఈరోజు స్కూల్లో ఎత్తు, బరువు చూశారంట. ఎనిమిదో తరగతి మొత్తాన్నీ వరండాలో లైన్లో నిలబెట్టి, ఒక సారు మిషన్ చూసి గట్టిగా చెప్పడం, ఒక మేడం రాసుకోవడం. మా పాప ఎక్కగానే "58! ఏమ్మా, మీ ఇంట్లో అందరి కూడూ నువ్వే తినేస్తా ఉండావా?" అన్నాడంట. మధ్యాహ్నం నుంచి మగపిల్లోళ్ళు ఆ అంకెతోనే పిలుస్తా ఉండారంట. టైప్ చేస్తుంటే ఇంకా నా చేతులు వణుకుతున్నాయి.

బరువు చూడొద్దని ఎవురన్నారు? చూడాల. కానీ ఆ అంకె రాసుకునే మేడంకి వినిపిస్తే చాలదా? ఒక తెర కట్టి, చీటీ మీద రాసి, కవర్లో పెట్టి ఇంటికి పంపడానికి ఎంత ఖర్చు? ఆడపిల్లలకి 8 నుంచి 13 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా ఒళ్ళు మారడం మొదలవుతుంది, ఒకరికి ముందు, ఒకరికి వెనక. అప్పుడు నడుము, తొడలు నిండుకోవడం ఎదుగుదలే. అందుకే పిల్లల బీఎంఐని, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే అంకెని, పెద్దోళ్ళ లెక్కతో చూడరు. వయసునీ, ఆడా మగానీ బట్టి పట్టికలుంటాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థే 2007లో ఇచ్చింది. అది తెలీని మనిషి పదమూడేళ్ళ పిల్ల తిండి మీద నోరెట్లా పారేసుకుంటాడు?

పోయినేడు వార్షికోత్సవం గుర్తొస్తే ఇంకా మండుతుంది. మూడు వారాలు స్టెప్పులు నేర్చుకుంది. గాంధీ రోడ్డు అంగళ్ళన్నీ తిరిగి బట్ట తెచ్చి కుట్టించా. తీరా చూస్తే తెల్లగా, సన్నగా ఉన్న పిల్లలంతా ముందు వరస, మా పాప చిట్టచివర. వీడియోలో దాని చెయ్యి మాత్రమే కనపడుతుంది. ఎత్తు చూసి నిలబెట్టుంటే ఎవరమూ ఏమీ అనేవాళ్ళం కాదు. ఆ రోజే అడగాల్సింది, అడగలేదు.

ఎందుకు అడగలేదో నాకు తెలుసు. చిత్తూర్లో నేను చదివేటప్పుడు క్లాసులో ఒకే పేరున్నోళ్ళం ఇద్దరం. హాజరు పిలిచేటప్పుడు సారు ఆ పిల్లని "తెల్లది", నన్ను "నల్లది" అనేవాడు. ఐదేళ్ళు! ప్రతి పొద్దునా దానికే "ప్రెజెంట్ సార్" అని పలికినా. ఇంటికొస్తే మా మేనత్త శెనగపిండి, మీగడ పట్టుకుని రెడీగా ఉండేది. నలభై దాటినా గ్రూప్ ఫోటో అంటే వెనక్కే జరుగుతా. ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్ళే 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేశారు. మన స్టాఫ్ రూముల్లో ఆ మాట ఎప్పుడు పోతుంది?

విద్యాహక్కు చట్టం 2009లోనే వచ్చింది. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా కూడదని 17వ సెక్షన్లో ఉంది. బెత్తం వదిలేసి మాటతో కొడుతున్నారు, అంతే తేడా. ప్రభుత్వ బడుల్లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లకి శిక్షణిచ్చి, ఎదిగే వయసు గురించి పిల్లలతో మాట్లాడించే కార్యక్రమం 2020లోనే మొదలైంది. ఇంత ఫీజు కట్టే మా బడిలో అట్లాంటి పీరియడ్ ఒక్కటన్నా ఉందా? మగపిల్లోళ్ళకి కూడా చెప్పాల, వాళ్ళకే ముందు చెప్పాల.

రేపు తొమ్మిదికి ఆఫీసు రూము ముందుంటా. అదే వరండాలో, అదే క్లాసు ముందర ఆ సారు మా పాపకి సారీ చెప్పాల. అంతవరకు కదలను.

ఇప్పుడే అడిగినా, రేపు క్యారియర్లోకి ఏం చేయను పాపా అని. "ఏదైనా సరే మా, కొంచెమే పెట్టు" అంది.