జెండా ముందు ఎవరి వందనం వారిదే

ఆగస్టు 15న అమెరికాలోని మన తెలుగు సంఘాల వేదికల మీద ఏటా కనిపించే దృశ్యమే ఇది. జెండా ఎగరగానే అధ్యక్షుడి నుంచి దాతల వరకు అందరి చేతులూ నుదుటికి చేరతాయి. ఒకరి అరచేయి ముందుకు, ఒకరిది నేలవైపు. ఇంకొకరు కుడిచేత్తో సెల్యూట్ చేస్తూనే ఎడమచేత్తో వీడియో తీస్తుంటారు. వారి దేశభక్తిని నేను శంకించడం లేదు. అయినా ఈ అలవాటును మనం మానుకోవాలి.

సెల్యూట్ సైనికుడి వృత్తికి చెందినది. కింది ఉద్యోగి పై అధికారికి పెట్టే దండంగా దాన్ని చాలామంది పొరబడతారు. నిజానికి అధికారి కూడా తిరిగి సెల్యూట్ చేసి తీరాలి. అది ఆ అధికారికి రాష్ట్రపతి ఇచ్చిన కమిషన్‌కు, అంటే అధికార నియామకానికి, దక్కే గౌరవం. చేయి ఎత్తే తీరు కూడా ఎవరిష్టం వారిది కాదు. భారత సైన్యంలో వేళ్లన్నీ కలిపి, అరచేయి ఎదుటివారికి కనిపించేలా పెడతారు. నౌకాదళంలో అరచేయి నేలవైపు తిరిగి ఉంటుంది. ఓడ మీద తాళ్లు లాగి, నూనె అంటి మాసిన చేయి ఎదుటివారి కంట పడకూడదని ఆ ఆచారం వచ్చిందంటారు. వాయుసేన 2006లో పద్ధతి మార్చుకుని అరచేతిని 45 డిగ్రీల కోణంలో పెట్టడం మొదలుపెట్టింది. అమెరికా సైన్యం అరచేయి కనిపించనివ్వదు. డ్రిల్ మైదానంలో, ఎండలో, డ్రిల్ నేర్పే ఉస్తాద్ చేత చీవాట్లు తింటూ నేర్చుకునే విద్య ఇది. ఫొటో కోసం అరక్షణంలో అనుకరించేది కాదు.

2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన భారత పతాక నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. జెండా ఎగరేసేటప్పుడు అందరూ జెండావైపు తిరిగి నిటారుగా నిలబడాలి. యూనిఫాంలో ఉన్నవారు సెల్యూట్ చేయాలి. 2015 గణతంత్ర దినోత్సవ కవాతులో నాటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ చేయి ఎత్తలేదని ఆన్‌లైన్‌లో ఎంత దుమారం రేగిందో గుర్తుండే ఉంటుంది. ఆయన నిటారుగా నిలబడ్డారు. నియమం కోరింది అదే. పాటించిన మనిషే నింద మోయాల్సి రావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇక మనం ఉంటున్న దేశం సంగతి. అమెరికా జెండా ఎగరేసేటప్పుడు యూనిఫాంలో ఉన్నవారు సెల్యూట్ చేయాలి. మామూలు దుస్తుల్లో ఉన్న సైనికులు, మాజీ సైనికులు కూడా చేయవచ్చని 2008లో చట్టాన్ని సవరించారు. మిగతా పౌరులు కుడిచేతిని గుండెమీద ఉంచాలి. మనలో చాలామందికి తెలియని వాక్యం ఆ తర్వాతే ఉంది: ఇతర దేశాల పౌరులు నిటారుగా నిలబడితే చాలు. అంటే హెచ్-1బి వీసా మీద ఉన్నవారు, గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారు చేయి గుండెమీద పెట్టనందుకు బిడియపడనక్కర్లేదు. పక్కవారు వింతగా చూసినా సరే.

ఈ చేతి సైగలు తేలికైనవి కావని చెప్పడానికి ఒక ఉదాహరణ. ఈ దేశంలో బడిపిల్లలు ఒకప్పుడు ప్రతిజ్ఞ చెబుతూ చేయి జెండావైపు చాచేవారు. అది నాజీల వందనంలా కనిపిస్తోందని 1942లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ దాన్ని తీసేసి, గుండెమీద చేయి పద్ధతిని తెచ్చింది.

మా ఊరి వేడుకలో ఒక పెద్దాయనను చూశాను. కూతురి దగ్గరికి వచ్చిన, భారత సైన్యంలో సుబేదారుగా పనిచేసి విశ్రాంతి పొందిన మనిషి. చివరి వరుసలో కూర్చున్నారు. ‘జనగణమన’ మొదలవగానే లేచి మడమలు కలిపారు. పిడికిళ్లు ప్యాంటు కుట్టుకు ఆనించి, బొటనవేళ్లు ముందుకు పెట్టి, గడ్డం ఎత్తి నిలబడ్డారు. ఆ 52 సెకన్లూ ఆయన కనురెప్ప కూడా ఆడించలేదేమో అనిపించింది. వేదిక మీద మాత్రం అందరి చేతులూ నుదుటి దగ్గరే. తర్వాత దగ్గరికి వెళ్లి, “బాబాయిగారూ, మీరు సెల్యూట్ చేయలేదేం?” అని అడిగాను. “యూనిఫాం లేదు, నెత్తిన టోపీ లేదు కదా బాబూ” అన్నారు. ఆ హాల్లో సెల్యూట్ సంపాదించుకున్న మనిషి ఆయన. ఆ సంగతి కార్యవర్గంలో ఒక్కరికీ తెలియదు. నా అభ్యంతరమంతా ఇక్కడే. అందరం చేతులెత్తేస్తే, ఆ హక్కు ఎవరిదో వారు మన కళ్లముందే మరుగున పడిపోతారు.

గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణాలిచ్చిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు చిత్రపటం ముందు కూడా మనవాళ్లు సెల్యూట్ చేస్తూ ఫొటోలు దిగుతుంటారు. రెండు చేతులూ జోడించి తల వంచితే ఆయనకు తక్కువవుతుందా? ప్రపంచ యుద్ధాల నాటి నుంచి సైన్యానికి కొడుకులను పంపుతున్న పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరంలోనైనా, ఇంటి పెద్ద పటానికి దండేసి పెట్టేది నమస్కారమే.

కార్యవర్గాలకు నా విన్నపం చిన్నది. సభకు ముందు వారం సభ్యులకు పంపే సందేశంలో, భారత సైన్యంలోగానీ అమెరికా సైన్యంలోగానీ పనిచేసినవారు, పనిచేస్తున్నవారు పేర్లు ఇవ్వాలని అడగండి. విశ్రాంత సైనికులైన అమ్మానాన్నల పేర్లూ తీసుకోండి. వారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. జెండా ఎగరేసే ముందు వ్యాఖ్యాత ఇలా చెబితే సరిపోతుంది: “ఫోన్లు జేబుల్లో పెట్టండి. జెండావైపు తిరిగి నిటారుగా నిలబడండి. యూనిఫాంలో ఉన్నవారు, స్కౌట్ పిల్లలు తమ పద్ధతిలో సెల్యూట్ చేస్తారు. అమెరికా గీతం వచ్చినప్పుడు ఆ దేశ పౌరులు చేయి గుండెమీద ఉంచండి.”