కొత్తవాళ్లు దయచేసి నిలబడండి

డిసెంబర్ 24 రాత్రి ఆరాధనకి పక్కింటి పిన్నిగారిని మా చర్చికి తీసుకెళ్లాను. స్టార్లు, పశువుల పాక చూసి మురిసిపోయారు పాపం. ముందు వరసలో కూర్చోబోతే "అది మా అత్తగారి కుర్చీ" అని ఒకావిడ లేపేసింది. తర్వాత మైకులో "మొదటిసారి వచ్చినవాళ్లు నిలబడి పేరు చెప్పండి!" అందరి కళ్లూ పిన్నిగారి మీదే. గొంతు వణికింది. చప్పట్లు కొట్టారు, ఫోన్ నంబర్ రాయించుకున్నారు.

అంతే! కేకు ముక్క పట్టుకుని ఆవిడ గుమ్మం దగ్గర ఒంటరిగా నిలబడితే, "వందనాలమ్మా, మీదే ఊరు?" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ సెల్ఫీల్లో బిజీ. (నేను క్వయర్‌లో ఇరుక్కుపోయాను, నాదీ తప్పే.) ఇంతకీ ఆ రాత్రి ప్రసంగం దేని మీదో తెలుసా? యేసు పుట్టినప్పుడు మరియ, యోసేపులకి బేత్లెహేము సత్రంలో చోటు దొరకకపోవడం మీద!