లేని దోవకి ఓ లెటర్

దోవా,

నువ్వు లేవని తెలిసే రాస్తుండా. ఉండుంటే ఈ లెటర్ అవసరమే పడేది కాదు.

కార్తీకమాసంలో వాయుగుండం పోయిన మూడోరోజు, ఉదయగిరి పక్కన మా బావావాళ్ళ ఊరి వెనక కొండెక్కుదామని బయల్దేరా. కింద గొర్రెలు మేపుకునే తాతనడిగితే "దోవుందిలే అబ్బయా, పైకి పొయ్యేకొద్దీ అదే కనపడద్ది" అన్నాడు. పొయ్యేకొద్దీ కనపడింది బోదగడ్డి, రేగుముళ్ళు, మళ్ళీ బోదగడ్డి. ఒకచోట నువ్వే అనుకోని ఇరవై నిమిషాలు నడిచా, తీరా చూస్తే అది వాననీళ్ళు జారిన గాడి, నీ వేషం ఏసుకోనుంది అంతే.

ఇంక బురద. కొండమీద బురదేందని ఇంట్లో నవ్వారు, వాళ్ళకేం తెలుసు, మన నెల్లూరోళ్ళకి పెద్ద వానలు పడేదే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈ కొండ చూస్తే కింద బండ, పైన జానెడు మట్టి, ఇంకిపోడానికి చోటులేక నీళ్ళన్నీ సగం కొండకాడ చదునులో గడ్డికింద దాక్కోనుండాయి. పచ్చగా ఉందే అని కాలు పెడితే మోకాలిదాకా దిగబడింది. కాలొచ్చింది, షూ రాలా. వాటర్‌ప్రూఫ్ అని 2000 పోసి కొన్నా, అబద్ధం కాదు, మిగిలిన రెండోదాంట్లోకి పోయిన నీళ్ళు ఒక్క చుక్క బయటికి రాలా.

అయినా నీ పొగరు ఇయ్యాల్టిదా? అదిగో ఆ ఉదయగిరి కొండ, 3079 అడుగులు, 1513లో కృష్ణదేవరాయలు ముట్టడికొస్తే ఆయనక్కూడా నువ్వు దొరకలా. బండలు పగలగొట్టి దోవలు చేసుకుంటా ఏడాదిన్నర అక్కడే ఉన్నాడని న్యూనిజ్ అనే పోర్చుగీసాయన రాసిపెట్టాడు. ఆయనకి సైన్యముంది. నాకు ఓ చేతికర్ర, అరలీటర్ నీళ్ళు, సగం నలిగిన పులిబొంగరాల పొట్లం.

పైన మాత్రం సద్దు లేదబ్బా. సిగ్నల్ లేదు, హారన్ లేదు, కాలు పీకినప్పుడల్లా పచక్ మనడం తప్ప. బండమీద కూర్చోని పులిబొంగరం నములుతుంటే యాడ్నో ఒక నెమలి అరిచింది, మళ్ళీ ఏం లేదు. నువ్వే ఉంటే ఈపాటికి అక్కడ టీబంకు, సెల్ఫీ పాయింటు, బైకుకి 20 రూపాయల పార్కింగు వచ్చేసుండేవి. అందుకే నీమీద కంప్లైంట్ ఇయ్యనూలేను, ఊరుకోనూలేను.

ఎప్పుడన్నా పుట్టేటట్టుంటే నా ఎడం షూ ఆ చదునులో ఈతచెట్టుకి ఇవతల ఉంది చూడు, 9 సైజు. కుడిది ఇంకా ఆరలా.

ఇట్లు,
ఒంటి షూవోడు