బస్సును గట్టెక్కించిన బస్ బే గారికి

మహారాజశ్రీ బస్ బే గారి సముఖమునకు రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

బస్సు లేన్ వదిలి పక్కకు వచ్చి ఆగడానికి ఫుట్‌పాత్‌ను కొరికి రోడ్డు అంచున చేసిన గూడు తమరు. పురపాలక సంఘం పద్దులో ‘ప్రజారవాణా మెరుగుదల’ కింద దర్జాగా కూర్చున్నారు. తీరా చూస్తే మెరుగుపడింది బస్సు వెనకాల వచ్చే కార్ల ప్రయాణం. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

తమ ఒడిలోకి రావడం బస్సుకు సులువే. చిక్కంతా బయటపడటంలో ఉంది. తలుపు మూశాక డ్రైవర్ ఇండికేటర్ వేసి, అద్దంలో చూస్తూ, ఏ పుణ్యాత్ముడైనా సందు ఇస్తాడేమోనని కాచుకోవాలి. స్టాపుకు 15 సెకన్లే పోతున్నాయనుకుందాం. పోను 20, రాను 20, మొత్తం 40 స్టాపులు. అంటే 600 సెకన్లు, సరిగ్గా 10 నిమిషాలు. చివరి స్టాపుల్లో విరామంతో కలిపి రానుపోను 120 నిమిషాలు పట్టే రూటులో, 10 నిమిషాలకో బస్సు నడపాలంటే 12 బస్సులు చాలు. తమరి దయవల్ల 120 కాస్తా 130 అయింది, 13 బస్సులు కావాలి. ఆ పదమూడోదానికీ డ్రైవర్ కావాలి, ఇంధనం కావాలి, మరమ్మతులు కావాలి. అయినా గంటకు ఒక్క బస్సు కూడా అదనంగా రాదు. మిగతా పన్నెండూ తమ సన్నిధిలో పోగొట్టుకున్న సమయాన్ని పూడ్చడానికే అది పుట్టింది. కొనకపోతే బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం 10 నిమిషాల 50 సెకన్లవుతుంది. స్టాపులో బోర్డు మాత్రం ‘10 నిమిషాలకు ఒకటి’ అనే చెబుతూ ఉంటుంది, దానికేం పోయింది!

ఆ 15 సెకన్లయినా నికరమా? ఒకచోట 3, ఇంకోచోట 40. ఆలస్యమైన బస్సు కోసం తరువాతి స్టాపులో జనం పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి ఇంకా ఆలస్యం. వెనక బస్సుకు ఖాళీ స్టాపులు తగులుతాయి, చకచకా వచ్చి ముందుదాని తోక పట్టుకుంటుంది. 10 నిమిషాలకో బస్సు క్రమంగా వస్తే సగటు నిరీక్షణ 5 నిమిషాలు. అవే బస్సులు 20 నిమిషాలకోసారి జంటగా వస్తే అది 10. రిజిస్టర్లో ఎలా వచ్చినా ‘గంటకు 6 బస్సులు’ అనే ఉంటుంది, అబద్ధమూ కాదు.

ఇక తమరి ఆకారం. 12 మీటర్ల బస్సు ఎండ్రకాయలా పక్కకు జరగదు. నిలిచే చోటుకు ముందూ వెనకా ఏటవాలుగా పొడవైన టేపర్లు ఉంటేనే కెర్బ్‌కు, అంటే ఫుట్‌పాత్ అంచు రాయికి, సమాంతరంగా ఆగగలదు. నక్షా గీసేటప్పుడు స్థలం చాలకపోతే మొదట కత్తెర పడేది ఆ టేపర్లకే. అప్పుడు బస్సు ముక్కు లోపల, తోక లేన్‌లో. కార్లకూ దారి లేదు, ప్రయాణికుడికీ మెట్టు అందదు. ప్రవేశం దగ్గర ఒక్క కారు నిలిపి ఉంటే డ్రైవర్ లోపలికి రానే రాడు, లేన్‌లోనే ఆపేస్తాడు. ఎక్కేవాళ్లు ఫుట్‌పాత్ దిగి, తమరిని దాటి, రోడ్డు మీద నుంచి ఎక్కాలి. గడప 34 సెంటీమీటర్ల ఎత్తున్న లో-ఫ్లోర్ బస్సు 15 సెంటీమీటర్ల కెర్బ్‌ను ఆనుకుని ఆగితే ఎక్కాల్సింది 19. రోడ్డు మీద నుంచైతే మొత్తం 34. వీల్‌చైర్‌కు ఆ తేడా మామూలుది కాదు. (బ్రేకులు పడే చోట కాంక్రీటు బదులు తారు వేస్తే చక్రాల కింద గుంతలు పడి వాన నీళ్లు నిలుస్తాయి. నిలుచున్నవాళ్లకు ఉచిత స్నానం.)

తమరికి తలకిందుల బొమ్మ ఒకటుంది. ఫుట్‌పాత్‌నే లేన్ అంచు దాకా ముందుకు జరపడం. బస్సు లేన్ వదలదు, మళ్లీ చొరబడక్కర్లేదు, నిలబడేవాళ్లకు జాగా పెరుగుతుంది. కాకపోతే వెనక కార్లు 20 సెకన్లు ఆగాలి. ప్రణాళిక సమావేశాల్లో ఈ మాట వినగానే అందరికీ దాహం వేస్తుంది. 1974లో బ్రెజిల్‌లోని కురిటిబా నగరం రోడ్డు మధ్యనే బస్సులకు విడి దారి ఇచ్చింది. జర్మనీలో స్టాపు నుంచి బయల్దేరే బస్సుకు దారి వదలాలని చట్టమే ఉంది, వదలకుంటే జరిమానా. అక్కడ తమరి కోరల్లో సగం విషం పోయినట్టే.

తమరిని కూకటివేళ్లతో పెకలించమనడం లేదు. వాహనాలు దూసుకుపోయే రహదారిపై తమరు ఉండాల్సిందే. టైము సరిచూసుకోవడానికి బస్సు నాలుగు నిమిషాలు ఆగే చోటా అంతే. సిగ్నల్ దాటిన వెంటనే ఉన్నా నయమే, వెనక ఎరుపు పడ్డప్పుడల్లా సందు దొరుకుతుంది. మిగతా చోట్ల మాత్రం కొత్తగా గీసే ముందు రద్దీవేళ ఒక గంట స్టాప్‌వాచ్‌తో నిలబడమనండి. తలుపు మూసుకున్న క్షణం ఒకటి, చక్రాలు లేన్‌లో పడ్డ క్షణం ఒకటి, రెండూ రాసుకుంటే చాలు. ప్రయాణికులు ఎక్కే సమయాన్ని అందులో కలపొద్దు, అది తమరి పాపం కాదు.

ఇట్లు,
ఇండికేటర్ వేసుకుని సందు కోసం చూస్తున్న
మీ పదమూడో బస్సు