వెంబన్యామాకి ఎత్తు తప్ప ఏమీ లేదా?

ఫ్రాన్స్ బాస్కెట్‌బాల్ కుర్రాడు విక్టర్ వెంబన్యామా మీద ఒక వాదన తెగ తిరుగుతోంది. ఎత్తు తప్ప ఆట లేదట. సన్నటి ఒళ్ళు, ఎక్కువ రోజులు నిలబడడట. అంత పొడుగువాడు బాస్కెట్ దగ్గర ఉండక బయట్నుంచి త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తాడట. పైగా అతను వచ్చినా అతని జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్ బాగుపడలేదట. వీళ్ళు చూపించేవన్నీ ఎన్‌బీఏలో (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) అతని మొదటి రెండు సీజన్ల (2023-24, 2024-25) లెక్కలే కాబట్టి, వాటితోనే మాట్లాడుకుందాం.

ముందు ఎత్తు. ఎత్తే ఆటైతే 7 అడుగుల 7 అంగుళాల పాత ఆటగాడు మనూట్ బోల్ లీగ్‌ని ఏలి ఉండాలి. బ్లాకుల్లో (అవతలివాడి షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడంలో) బోల్ గొప్పవాడే, కానీ కెరీర్ సగటు మ్యాచ్‌కి 2.6 పాయింట్లు. వెంబన్యామా 7 అడుగుల 4 అంగుళాలు. 2024 ఫిబ్రవరిలో లేకర్స్ జట్టు మీద ఒకే మ్యాచ్‌లో 27 పాయింట్లు, 10 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 8 అసిస్టులు (తోటివాడు బాస్కెట్ వేసేలా అందించిన పాస్‌లు), 5 స్టీల్స్ (బంతి లాక్కోవడం), 5 బ్లాకులు సాధించాడు. అప్పటికి అతనికి 20 ఏళ్ళు. పొడుగుంటే బ్లాకులు రావచ్చు, 8 అసిస్టులు ఎలా వస్తాయి? తోటివాడు ఎటు పరిగెడుతున్నాడో కనిపెట్టే కన్ను ఉండాలి కదా.

ఒళ్ళు నిలబడదన్న మాటకి సాక్ష్యంగా రెండో సీజన్ చూపిస్తున్నారు. ఆ ఏడాది 46 మ్యాచ్‌ల దగ్గరే ఆగిపోయాడు, నిజమే. కారణం కుడి భుజం దగ్గర సిరలో రక్తం గడ్డకట్టడం. ఎముక విరగలేదు, మోకాలు తిరగలేదు. అంతకుముందు సీజన్‌లో 82 మ్యాచ్‌లకి 71 ఆడాడు, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అలాగని ఒళ్ళు సమస్యే కాదని నేననను. అది కనిపించేది గాయాల్లో కాదు, బాస్కెట్ దగ్గర చోటు కోసం జరిగే తోపులాటలో. బరువైన సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) నడుముతో ఒక్క తోపు తోస్తే వెంబన్యామా తను అనుకున్న చోట నిలవలేడు. బంతి రెండడుగులు దూరంగా అందుతుంది. అక్కడ్నుంచి వెనక్కి వాలి కష్టమైన షాట్ వేయాలి, లేదా ఇంకా బయటికి జరగాలి. త్రీల మోజు అంటున్నదాంట్లో కొంత ఇక్కడే పుడుతోందని నాకనిపిస్తుంది.

ఆ త్రీల లెక్కకే వస్తే, రెండో సీజన్‌లో మ్యాచ్‌కి 8.8 వేశాడు, 35.2 శాతం పడ్డాయి. అంటే 100 త్రీలకి దాదాపు 106 పాయింట్లు. చెత్త లెక్కేం కాదు. పైగా అవతలి సెంటర్ అతని కోసం బయటికి రావాల్సిందే, లోపల దారి ఖాళీ అవుతుంది. కానీ రెండు పాయింట్ల షాట్లు అతనికి సగానికి బాగా ఎక్కువే పడుతున్నప్పుడు ఇన్ని త్రీలెందుకు? ఈ ఒక్క చోట విమర్శకులతో నేనూ ఉన్నాను. మానమనడం తప్పు, తగ్గించమనడం ఒప్పు.

ఇక గెలుపు. అతను రాకముందు సీజన్‌లో స్పర్స్ గెలిచిన మ్యాచ్‌లు 22, వచ్చిన ఏడాదీ 22. చూడ్డానికి బలమైన దెబ్బే. అయితే ఆ సీజన్ మొదట్లో జట్టు ప్రయోగాలు చేసింది. ఫార్వర్డ్ అయిన జెరెమీ సోహన్‌ని పాయింట్ గార్డ్‌గా (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు), జాక్ కాలిన్స్‌ని సెంటర్‌గా ఆడించి, ఇతన్ని పక్కకి నెట్టింది. వరసగా 18 మ్యాచ్‌లు ఓడింది. డిసెంబర్‌లో గానీ ఇతన్ని సెంటర్‌కి మార్చలేదు. మరుసటి ఏడాది, ఇతను సగం దాటి కొద్ది మ్యాచ్‌లే ఆడినా, గెలుపులు 34కి పెరిగాయి.

అసలు తిట్టాల్సింది వేరే ఉంది. మొదటి సీజన్‌లో మ్యాచ్‌కి 3.7 టర్నోవర్లు (బంతిని అవతలి జట్టుకి పోగొట్టుకోవడం), రెండో దాంట్లో 3.2. అంత ఎత్తు నుంచి డ్రిబుల్ చేస్తే బంతి నేలకీ చేతికీ మధ్య చాలాసేపు ఉంటుంది, పొట్టి గార్డులు మధ్యలోనే చెయ్యి పెట్టి లాగేస్తారు. ఆ వాదనలో దీని గురించి ఒక్క ముక్క లేదు.