స్పితిలో ఇంట్లో దిగేదా, హోటల్లో దిగేదా?

(అనంతపురం. ఆగస్టులో అమ్మను హిమాచల్‌లోని స్పితి లోయకు తీసుకుపోతానంటుంది శైలజ. లాంగ్జా ఊర్లో ఒక రైతు ఇంట్లో ఉండాలని ఆమె పట్టు. చిన్నాన్న ఒప్పుకోవడం లేదు.)

చిన్నాన్న: వదినకు బీపీ, మోకాళ్ల నొప్పులు. స్పితిలో పెద్ద ఊరు కాజా, ఆడ హోటళ్లుండాయి, గవర్నమెంటు ఆసుపత్రి ఉండాది. అవన్నీ వదిలిపెట్టి, ఇంకో 15 కిలోమీటర్లు కొండెక్కి ఎవరింట్లోనో పడుకునేదేంది?

శైలజ: కాజా కూడా 3,600 మీటర్ల పైనే చిన్నాన్నా. జబ్బు చేసేది ఇంటి వల్లా కాదు, హోటలు వల్లా కాదు. తొందరపడి ఎక్కితే చేస్తుంది. మనాలిలో 2,000 మీటర్ల దగ్గర నిద్ర లేచి, కుంజుం కనుమ దాటి, ఆ రాత్రికే కాజాలో పడుకుంటారు చూడు, తలనొప్పులు, వాంతులు వాళ్లకే ఎక్కువ. మేం సిమ్లా దారిన పోతాం. కల్పాలో రెండు రాత్రులు, అది 2,900 పైచిలుకు. తర్వాత తాబోలో రెండు, 3,280. ఆ పైన కాజా. మూడు వేలు దాటినాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర 125 మిల్లీగ్రాములు పూటకొకటి, రోజుకు రెండు, ఎక్కే ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనోళ్లకు అది చిక్కు తెస్తుంది, అమ్మ బీపీ మాత్రలతో కుదురుతుందో లేదో కూడా డాక్టర్‌ను అడిగే మొదలుపెడతాం.

చిన్నాన్న: సరే, ఎత్తు సంగతి మళ్లీ మాట్లాడతా. ఆగస్టు అంటాండావు. అక్కడ బఠానీ కోత ఎప్పుడు?

శైలజ: ...ఆగస్టులోనే.

చిన్నాన్న: అదీ! మన చెనిక్కాయ పీకే రోజుల్లో ఇంటికి చుట్టాలొస్తే ఇంట్లో ఆడమనిషి గతి ఏందో నీకు తెలీదా? వాళ్లకు డబ్బులు తెచ్చే పంట ముఖ్యంగా అదే. చేను వదిలేసి మీకు మూడు పూటలా వండి పెట్టాలా?

శైలజ: ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, కాదనను. కానీ హోటల్లో దిగితే ఆ డబ్బు కాజా దాటి పైఊర్లకు పోదు. ఇంట్లో దిగితే వండిన మనిషి చేతికే వస్తుంది. దేముల్ ఊర్లో ఇండ్లన్నీ వంతులు పెట్టుకొని అతిథులను దించుకుంటాయి. రోడ్డు పక్కన ఇల్లున్నోళ్లే బాగుపడకుండా వాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. మనం చెయ్యాల్సింది కూడా ఉంది. రోజుకొక ఊరు మారకుండా ఒకే ఇంట్లో ఉండాలి. వాళ్లు తినేటప్పుడే, వాళ్లు తినేదే తినాలి. మధ్యాహ్నానికి పొద్దున రొట్టెలే కట్టించుకోవాలి. ఇంకో సంగతి నీళ్లు. ఆ లోయకు మంచు కరిగి వచ్చే నీళ్లే దిక్కు. వాన సరిగా పడని నేల, అచ్చం మనలాగే. హోటల్లో ఫ్లష్ నొక్కిన ప్రతిసారీ ఆ నీళ్లే పోతాయి. ఇండ్లల్లో ఎండు దొడ్లు, అంటే నీళ్లు పొయ్యని మరుగుదొడ్లు. మేడ మీద చిన్న గది, మట్టి నేల, మధ్యలో పొడుగాటి కంత. మూలన మట్టీ బూడిదా కుప్ప, ఒక పార. పనయినాక రెండు పారలు కంతలోకి తోసెయ్యాలి. నీళ్లు మాత్రం పొయ్యకూడదు, పోస్తే కింది గదిలో ఎండాల్సింది కుళ్లి కంపు కొడుతుంది. కడుక్కునేదానికి చెంబు తీసుకొని స్నానాల గదికి పోవాలి. ప్లాస్టిక్, ప్యాడ్లు అందులో వెయ్యనే కూడదు. ఆ ఎరువు పోయేది వాళ్ల బార్లీ, బఠానీ చేన్లకే.

చిన్నాన్న: మీ అమ్మ గొంతుక్కూర్చోలేదు. ఆ ముక్క వదిలేస్తివే.

శైలజ: కొన్ని ఇండ్లల్లో కుర్చీ దొడ్డి కూడా కట్టించుకున్నారు. ముందే ఫోన్ చేసి అడగాలి.

చిన్నాన్న: తిండో? వదినకు సంగటి లేకుంటే పూట గడవదు. రాగిపిండి కట్టిస్తా, వాళ్ల పొయ్యి మీద చేసుకోండి.

శైలజ: కుదరదు. లాంగ్జా ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. సంగటికి ముందు బియ్యం మెత్తగా ఉడకాల కదా, కుక్కర్ లేకుంటే ఎంతసేపున్నా పలుకు పోదు. పొయ్యిలో కాలేది పేడ పిడకలు, కింద నుంచి తెప్పించిన కట్టె. వాళ్ల సంపా చూడు, బార్లీని వేడి ఇసుకలో వేయించి ముందే పిండి పట్టి పెట్టుకుంటారు. వెన్న టీలో కలిపి ముద్ద చేస్తే అయిపోయె.

చిన్నాన్న: టీలో పిసికిన పిండి సంగటికి సాటొస్తుందా?

శైలజ: సాటి అన్లేదు. కట్టె ఆదా అన్నా.

చిన్నాన్న: ఊరిమిండన్నా తీసుకుపోండి.

శైలజ: అది తడి, దార్లోనే చెడిపోతుంది. చెనిక్కాయల పొడి పెట్టు, చాలు. డబ్బు కూడా నోట్లే తీసుకుపోతాం. కాజా దాటితే సిగ్నల్‌ను నమ్ముకోలేం, ఫోన్‌పే పని చెయ్యకపోవచ్చు.

చిన్నాన్న: ఇప్పుడు ఎత్తు సంగతికొద్దాం. లాంగ్జా ఎంత?

శైలజ: 4,400.

చిన్నాన్న: కాజా 3,600 చిల్లర అంటివి. ఒక్క రాత్రిలో 700 పైన. 500 లెక్క చెప్పింది నువ్వే గదా? నడిరాత్రి వదినకు కాళ్లు తడబడినా, కూర్చున్నచోటే ఆయాసమొచ్చినా వెంటనే కిందికి దించాలి. ఆ చీకట్లో, ఆ కొండదారిలో బండి యాడిది?

శైలజ: (కాసేపాగి) ఇది నిజమే. లాంగ్జాలో రాత్రి వద్దు. పొద్దున పోయి సాయంత్రానికి కాజాకు దిగుదాం. కానీ తాబోలో మాత్రం హోటల్ కాదు, ఇంట్లోనే. అక్కడ ఎత్తు తక్కువ, రోడ్డు ఊర్లోకే వస్తుంది.

చిన్నాన్న: తాబో అయితే సరే. ఆ ఇంటోళ్లకు ఇప్పుడే ఫోన్ చెయ్యి. కుర్చీ దొడ్డి ఉందో లేదో అడుగు. వాళ్ల కోత ఏ వారంలో పడుతుందో కూడా అడిగి, దాని తర్వాతే టికెట్లు తీయి.